ఇరవై రెండో రోజు

"పదింటికి పాతసామాన్లాయన వస్తాడు. ఈ పెట్టె ఇచ్చేస్తున్నాను, అంతే!" అంది ఇల్లాలు, చీపురుతో థర్మోకోల్ పెట్టెను చూపిస్తూ.

రిటైరైన ఫ్రిజ్ మెకానిక్ ఆ పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు. "ఇరవై ఒక్క రోజులు నిన్నటికే కదే నిండాయి! వేడి పిసరంత తగ్గినా ఓ రోజు ఆలస్యమవుతుంది."

"మొదటిసారి గుడ్లు ఉడకబెట్టారు. రెండోసారి కుళ్ళబెట్టారు. వారం రోజులు ముక్కు మూసుకుని అన్నం తిన్నాం. పొదగడం తప్ప అన్నీ చేశారు!"

"అదొక్కటేగా మిగిలింది!"

వంటింట్లో ఉన్న కోడలు నవ్వు ఆపుకోలేక దగ్గింది.

ఆయన మాత్రం నవ్వలేదు. నలభై వాట్ల బల్బు, పాత ఫ్రిజ్‌లోంచి ఊడదీసిన థర్మోస్టాట్, ఓ నీళ్ళగిన్నె. వీటితో పది గుడ్లు పొదిగించి తీరతానని వీధంతా చెప్పుకున్నాడు పాపం. ఒక్కో గుడ్డు మీద ఒకవైపు ఇంటూ, రెండోవైపు సున్నా పెన్సిల్‌తో గీసి రోజుకు మూడుసార్లు తిప్పాడు. పెళ్ళిరోజున సినిమా మధ్యలో లేచి, గుడ్లు తిప్పడానికి ఇంటికి పరుగెత్తాడు. ఆఖరి మూడు రోజులూ తెరవకూడదని మూతకు టేపు అంటించేశాడు. నీళ్ళు పోయడానికి పక్కనున్న చిన్న అట్టతలుపు ఒక్కటే దారి.

"పదింటిదాకా ఆగు," అన్నాడు నెమ్మదిగా. "అప్పటికీ కాకపోతే నేనే ఇచ్చేస్తాను. మళ్ళీ స్క్రూడ్రైవర్ ముట్టుకుంటే ఒట్టు."

ఇల్లాలి మనసు చివుక్కుమంది. స్క్రూడ్రైవర్ లేకుండా ఆయన్ని ఊహించుకోవడం ఆమె వల్ల కాలేదు. ఆయన గడ్డం గీయించుకోవడానికీ, కోడలు కూరలకీ వెళ్ళగానే, గబగబా వీధి చివరికి నడిచింది. అక్కడ సైకిల్ మీద గంపతో కోడిపిల్లలమ్మేవాడు ఉన్నాడు. రెండు పిల్లల్ని కొంగులో దాచి తెచ్చి, అట్టతలుపులోంచి లోపలికి వదిలింది. వెచ్చగా తగిలేసరికి అవి కిక్కురుమనకుండా పడుకున్నాయి.

కాసేపటికి ఆయన గీయించుకోని గడ్డంతోనే తిరిగొచ్చాడు. షాపులో జనం ఉన్నారట. కోడలు ఖాళీ సంచితో వచ్చింది. కూరలు వాడిపోయాయట. ఇల్లాలు తన కంగారులో తనుండి ఏదీ పట్టించుకోలేదు.

పదయింది. పాతసామాన్లాయన తక్కెడతో గుమ్మంలో నిలబడ్డాడు. మెకానిక్ టేపు పీకి మూత తీశాడు.

కియ్ కియ్ మంటూ అయిదు కోడిపిల్లలు తలలెత్తాయి!

"చూశావా! చెప్పానా!" అని ఆయన గంతేశాడు.

ఇల్లాలు నోరెళ్ళబెట్టింది. తను పెట్టింది రెండే. పైగా ఆ అయిదింటిలో ఒకటి గులాబీ రంగులో మెరిసిపోతోంది.

"అదేంటండీ, ఆ రంగు?"

"బల్బు వేడికి... కాస్త కందింది," అన్నాడాయన నీళ్ళు నములుతూ.

పాతసామాన్లాయన మెడ సాచి పెట్టెలోకి చూశాడు. "పిల్లలు బానే ఉన్నాయి సార్. మరి పది గుడ్లూ పదిలంగా ఉన్నాయేంటి? ఒక్క పెంకూ పగల్లేదే!"

ముగ్గురూ పెట్టెలోకి తొంగిచూశారు.

"గులాబీది నేనే పెట్టాను మామయ్యా," అంది కోడలు చివరికి. "నేనెళ్ళేసరికి పసుపువి అయిపోయాయి, రంగేసినవే ఉన్నాయన్నాడు సైకిలాయన."

"రెండు నేను పెట్టానండీ," అంది ఇల్లాలు నేల చూపులు చూస్తూ.

మెకానిక్ మాసిన గడ్డం గోక్కున్నాడు. "మిగతా రెండూ నావేనే."

ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన పిల్లల్ని బుట్టలోకి మార్చి, ప్లగ్గు పీకి, పెట్టెను పాతసామాన్లాయన ముందుకు జరిపాడు. ఇల్లాలు వద్దనబోయి, పెట్టె అంచు పట్టుకుని ఆగిపోయింది.

"నాకు గుడ్లెందుకు సార్? ఇవి మీరే ఉంచుకోండి," అంటూ పాతసామాన్లాయన ఓ గుడ్డు చేతిలోకి తీసుకుని ఉలిక్కిపడ్డాడు. "అమ్మో, ఇది కదులుతోంది!"

ఇంటూ గుర్తు సరిగ్గా మధ్యలో పెంకు టక్కున చిట్లింది. పిల్ల చిన్న ముక్కు బయటికి పొడుచుకొచ్చింది.

"చూస్తారేంటండీ, ముందు బల్బు వెలిగించండి!" అని ఇల్లాలు గావుకేక పెట్టింది.

"మరి దీన్నెవరు పెట్టారమ్మా?" అన్నాడు పాతసామాన్లాయన అనుమానంగా.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈసారి ఎవరూ ఒప్పుకోలేదు.