తాళాలాయన కాలు

ప్రత్యేక గదిలో కొత్తగా చేరిన రోగి ఎవరో తెలియగానే హెడ్ నర్సు చేతిలోని ట్రే కింద పెట్టేసింది.

"ఆ గది డ్యూటీ నాకే వేయండి మేడమ్" అంది డాక్టరమ్మతో.

"నోటి దురుసు మనిషి. కోరి నెత్తికెత్తుకుంటావా?"

"పర్లేదు. నేను చూసుకుంటాను."

ఆయన రొయ్యల ఫ్యాక్టరీ యజమాని. పనివాళ్లు గుప్పెడు రొయ్యలు పట్టుకుపోతారేమోనని, పని అయ్యేదాకా షెడ్డు తలుపులన్నింటికీ తాళాలు వేయించేవాడు. అందుకే వెనకాల అందరూ తాళాలాయన అనేవారు. ఒకరోజు షెడ్డులో గ్యాస్ లీకైంది. తాళంచెవుల గుత్తి జేబులో ఉండగానే ఆయన ఆఫీసు కిటికీలోంచి బయటపడి, వెనక గోడ దూకి పారిపోయాడు. గోడవతల తుప్పు పట్టిన రేకు ఒకటి అరికాలిని చీల్చేసింది. లోపల ఊపిరాడక పోయినవాళ్లలో హెడ్ నర్సు చెల్లెలు ఉంది.

ఆ సంగతి ఆయనకు తెలియదు. రొయ్యలు ఒలిచే ఆడవాళ్లకు అక్కలు కూడా ఉంటారని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

షుగరు మనిషి కావడంతో గాయం మొండికేసింది. మానినట్టే మాని మళ్లీ చీము పట్టేది. హెడ్ నర్సు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి కైటోసాన్ పట్టీ అడిగింది. రొయ్యల పెంకుల నుంచి తీసిన పదార్థంతో చేసే పల్చటి పొర అది. పుండులోని తడిని పీల్చి జిగురులా మారుతుంది, క్రిముల్ని అణచి ఉంచుతుంది, కొత్త చర్మం అల్లుకోవడానికి ఆసరా ఇస్తుంది.

"మీకు రొయ్యలు పడవా?" డాక్టరమ్మ ముందే ఆయన్ని అడిగింది.

"రొయ్యల మీదే బతికినవాణ్ణి, పడకపోవడమేంటి? అయినా ఈ కొత్త వైద్యాలు నాకొద్దు. పాత కట్టే కట్టండి. మానినప్పుడే మానుతుంది."

"అలా వదిలేస్తే కాలు తీసేయాల్సి వస్తుంది" అంది డాక్టరమ్మ. ఆయన విసుగ్గా కాలు ముందుకు చాపాడు.

హెడ్ నర్సు ఆ కాలిని ఒళ్లో పెట్టుకుని పుండు కడిగింది. పట్టీని కత్తిరించి ఒద్దికగా పరిచింది. చెల్లెలు వేళ్లు ఒరుసుకుపోయేలా ఒలిచి పారేసిన పెంకులు గుర్తొచ్చాయి. పళ్లు బిగబట్టి, పట్టీ అంచుల్ని ఒక్కొక్కటిగా అద్దింది.

ఆయన చెప్పిన మాట వినే రకం కాదు. దిండు కింద మిఠాయి దాచేవాడు. ఆమె లాక్కునేది. నడవొద్దంటే నడిచేవాడు. కట్టు దురదగా ఉందని పీకి పారేసేవాడు. ఆమె మళ్లీ కడిగి, మళ్లీ కట్టి, మంచం పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేది.

"కన్నతల్లి కూడా ఇంత చేయదు" అంది ఆయన భార్య, కళ్లు తుడుచుకుంటూ. ఆయన మాత్రం హెడ్ నర్సు వైపు గుర్రుగా చూశాడు.

చెల్లెలి భర్తకు ఈ కబురు చేరింది. ఆస్పత్రి క్యాంటీన్‌లో ఆమెను నిలదీశాడు.

"వాడి కాలు ఒళ్లో పెట్టుకుని కట్టు కడుతున్నావట. నిజమేనా వదినా?"

"నిజమే."

"నీ చెల్లెలు తలుపు మీద కొట్టీ కొట్టీ పోయింది. గోళ్లు ఊడిపోయాయి. నువ్వే కదా చూసింది?"

"నేనే స్నానం చేయించాను. నాకు చెప్పకు."

"మరి పాముకు పాలెందుకు పోస్తున్నావు? చేతికి చిక్కాడు. నువ్వు ఊరికే ఉంటే చాలు, ఆ కాలు అదే కుళ్లిపోతుంది."

ఆమె చల్లారిన టీ కప్పును పక్కకు జరిపింది. "నాకు ఆ కాలు కావాలి అబ్బాయ్. నిక్షేపంలా కావాలి. నువ్వు అడ్డు రాకు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఆ కళ్లలో తడి లేదు. లేచి వెళ్లిపోయాడు.

పుండు అడుగున ఎర్రటి కండ పట్టింది. అంచులు దగ్గరకొచ్చాయి. గులాబీ రంగు చర్మం నెమ్మదిగా పైకి పాకింది. పుండు పూడుతున్నకొద్దీ ఆమె మాటలో హుషారు పెరిగింది. ఆయన మాటలు తగ్గాయి.

ఒక ఉదయం డాక్టరమ్మ చివరి పట్టీ తీసి, అరికాలిని వేలితో నొక్కి చూసింది.

"పూర్తిగా మానింది. లేచి నిలబడండి."

"ఇంకా సలుపుతోంది డాక్టర్. ఇంకొన్నాళ్లు ఉంచండి."

"అవసరం లేదు. మా సిస్టర్ చేతి చలవ."

హెడ్ నర్సు వంగి, ఆయన రెండు కాళ్లకూ స్వయంగా చెప్పులు తొడిగింది. భుజం పట్టి నిలబెట్టింది. ఆయన ముఖం పాలిపోయింది.

"నీకు నేనేం ద్రోహం చేశాను?" అన్నాడు.

ఆమె చెల్లెలి పేరు చెప్పి, వెళ్లి గది తలుపు బార్లా తీసింది.

కాలి గాయం మానేంతవరకే అంటూ కోర్టు ఇచ్చిన బెయిలు ఆ క్షణంతో తీరిపోవడంతో, పోలీసులు బేడీలతో లోపలికి వచ్చారు.