గచ్చు మీద బల్లలు

"ఇంత అధ్వాన్నంగా గచ్చు చేసిన మహానుభావుడెవడో గానీ, వాడి చేతులకు దండం పెట్టాలి!" అంది షహనాజ్.

కొలతలు తీస్తున్న ముసలి మేస్త్రి తలెత్తకుండానే, "అవునమ్మా," అన్నాడు.

రేపల్లెలోని ఆ ఇంటికి షహనాజ్ కోడలిగా వచ్చి మూడు నెలలు. గది నిండా గుంటలే. పదిహేను రోజుల కిందట అత్త కరీమాబీ వాటిలోనే కాలు మడతపడి తుంటి విరగ్గొట్టుకుంది. మళ్ళీ పడితే ఇక లేవదని డాక్టరు చెప్పాడు. అయినా గచ్చు పగలగొడతామంటే ఆసుపత్రి మంచం మీంచే ఒంటికాలి మీద లేచింది. కారణమేంటని అడిగితే, "అమ్మనే అడుగు," అని భర్త ఫరూక్ తప్పుకున్నాడు.

అందుకే గచ్చు పైన చెక్క బల్లలు పరిపించాలనుకుంది. వీధిలో పోతున్న మేస్త్రిని పిలిచింది.

"సాయంత్రానికి అత్తమ్మ వచ్చేస్తారు తాతా. ఎంతసేపు ఆ ఇసుక?"

"గుంట గుంటకీ కూరకపోతే బల్ల ఊగుద్దమ్మా. ఊగితే పెద్దావిడ పడిపోద్ది."

ప్రతి గుంటనూ చేత్తో తడిమి మరీ పూడ్చాడు. నీళ్ళ గొట్టంతో మట్టం చూశాడు. బల్లలు పరిచి గోడల దగ్గర సందుల్లో చెక్క చీలికలు కొట్టి బిగించాడు. గచ్చులోకి ఒక్క మేకూ దింపలేదు.

చివరికి నిండు గ్లాసు బల్ల మీద పెట్టి, చుట్టూ దబదబా నడిచాడు. చుక్క తొణకలేదు.

షహనాజ్‌కి ముచ్చటేసింది. పనంటే ఇదీ అనుకుంది.

"ఆ గచ్చు చేసినవాణ్ణి నీ దగ్గర శిష్యరికానికి పంపాలి తాతా!"

మేస్త్రి నవ్వాడు. కూలి ఇవ్వబోతే, "ఈ గదికి వద్దులేమ్మా," అని సంచీ భుజాన వేసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.

సాయంత్రం కరీమాబీ వాకర్ పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచింది. షహనాజ్ చేతులు చాపి వెనకే నడిచింది. ఒక్క బల్లా కదల్లేదు.

"ఎవరు చేశారే?"

"కొల్లూరు మేస్త్రి అత్తమ్మా. పేరు యలమందంట."

కరీమాబీ మంచం మీద కూలబడింది.

"పోనిచ్చావా? ఆయన కోసం ఇరవై ఆరేళ్ళుగా వెతుకుతున్నాం కదే!"

"ఎవరత్తమ్మా ఆయన?"

"ఉప్పెననాటికి ఈ మెరక ఇల్లు ఇంకా కడుతున్నారు. మీ మామ తర్వాత కొన్నారు. నీళ్ళలో కొట్టుకుపోతున్న నలభై మందిని ఇందులోకి లాగాడాయన. వాళ్ళలో నేనూ ఉన్నా, నిండు చూలాలిని. ఫరూక్ పుట్టింది ఇక్కడే."

కరీమాబీ బల్లలను చేత్తో నిమిరింది.

"ఆ గుంటలన్నీ మా అడుగులేనే, పొద్దున్నే తను నున్నగా వేసుకున్న పచ్చి గచ్చు పాడవుతుందని తెలిసీ మమ్మల్ని దానిమీద నిలబెట్టిన మేస్త్రి ఆయనే."