మెడ మీది ఆకు

శనివారం సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే నా భార్య హిల్కా తన చక్రాల కుర్చీలోంచే నన్ను వంగమంది. నా మెడ వెనక అంటుకున్న తడి ఆకు ఒకటి తీసి చూపించింది. బర్చ్ ఆకు.

"లైబ్రరీలో పుస్తకాలతోపాటు ఇవి కూడా ఇస్తున్నారా?"

ఆమెకు నరాల జబ్బని తేలి, ఒంటికి వేడి తగలకూడదని డాక్టరు చెప్పిన రోజే మా పెరట్లోని ఆవిరిగదికి, అదే సౌనాకి, తాళం వేశాను. "నువ్వు లేని సౌనా నాకూ వద్దు" అని మాటిచ్చాను. మూడేళ్లుగా లైబ్రరీకని చెప్పి, పక్కింటి తౌనో సౌనాలో ఆవిరి పట్టి, మా ఆచారం ప్రకారం బర్చ్ రెమ్మలతో ఒళ్లంతా బాదుకుని వస్తున్నాను. మొహం ఎర్రబడింది చలిగాలికని బొంకుతున్నాను.

"తప్పయిపోయింది హిల్కా. ఇంకెప్పుడూ వెళ్లను."

"వెళ్లకపోతే ఊరుకోను. ప్రతి శనివారం సౌనా పొయ్యి వెలిగించమని తౌనోకి ఫోన్ చేస్తున్నది ఎవరనుకున్నావ్?"

"నాకోసం ఇంత..."

"నీకోసమా? నీ మొహం!" ఆమె ఆకును ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు వాసన చూసింది. "వారమంతా నా వంక నేరం చేసినవాడిలా చూస్తావు. చెంచా జారితే చాలు, పరిగెత్తుకొస్తావు. నువ్వు లేని ఆ రెండు గంటలే నేను రోగిని కాను."

వణికే ఆమె వేళ్లలోంచి ఆకు జారి నేల మీద పడింది.

తీయడానికి వంగబోయి, ఆగిపోయాను.