దానంతటదే ఆగే లారీ

మలుపు ఇంకా రానేలేదు. డేనియల్ లారీ దానంతటదే నెమ్మదించింది. వెనకాల వస్తున్న లారీ వచ్చి దాన్ని గుద్దింది.

"అన్నా, మళ్ళీ బ్రేకేశావ్," అన్నాడు హెడ్‌ఫోన్లో కిరీటి.

"నేను వెయ్యలేదు తమ్ముడూ. నెట్టు ఏడిపిస్తోంది."

అది కంప్యూటర్లో ఆడే లారీల ఆట. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఒకరి వెనక ఒకరు వరసగా లారీలు నడుపుకుంటూ పోవాలి. ఈ జట్టుకి పెద్ద కిరీటి. హనుమాన్ జంక్షన్లో మొబైల్ షాపు. వరస చెడగొట్టినవాణ్ణి మొహమాటం లేకుండా తీసిపారేస్తాడు.

డేనియల్ ఆడేది మేడ మీద రేకుల గదిలో, లాప్‌టాప్ మీద. అసలు ఆట నడిచేది మాత్రం కింది గదిలో ఉన్న పెద్ద కంప్యూటర్లో. అక్కడి బొమ్మ పైకి వస్తుంది, ఇక్కడ నొక్కింది కిందికి వెళ్తుంది. ఆ పెద్దదాన్నే పైకి తెచ్చుకుందామంటే, గుణదల ఎండకి రేకుల కింద అది పట్టుమని గంట పనిచెయ్యదు. కింద కూర్చుని ఆడదామంటే, ఆ గది ఇప్పుడు నాన్నది.

పక్షవాతం వచ్చి నాన్న అంతోనికి కుడి పక్కంతా పడిపోయింది. కాలు కాస్త దారికొచ్చింది. మాట రాలేదు, చెయ్యి రాలేదు. ఫిజియోథెరపీ చేసే ఛాయాదేవి గారు వచ్చి, వేళ్ళు వంచి, చాపి, అరచేతిలో రబ్బరు బంతి పెట్టి పిసకమంటారు. బంతి జారి మంచం కిందికి దొర్లుతుంది. ఆయన గోడవైపు మొహం తిప్పుకుంటాడు.

మొన్నామధ్య ఆవిడ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర గొంతు తగ్గించింది.

"చేతిలో ఇంకా సత్తువ ఉందండీ. కదపాలని ఆయనకే లేదు. ఆ కోరిక పుట్టకపోతే నేనేం చెయ్యలేను. ఇంకా ఆలస్యమైతే అలాగే బిగుసుకుపోతుంది."

ఆ మాట విన్నప్పట్నుంచి డేనియల్ నాన్న గదిలోకి వెళ్ళడమే తగ్గించేశాడు. గుమ్మంలోంచే పలకరించి మెట్లెక్కేస్తాడు. ఆ చేతిని చూడలేడు. కాసేపు లారీ ఎక్కి అన్నీ మర్చిపోదామంటే ఆ లారీ కూడా మాట వినడం లేదు. కింద కదలాల్సింది కదలదు, పైన ఆగకూడనిది ఆగుతుంది. ఏ జన్మలో పాపమో అనుకుని పళ్ళు నూరుకున్నాడు.

ముందు వైఫై మీద పడ్డాడు. బెంజ్ సర్కిల్ వెళ్ళి కొత్త రూటర్ తెచ్చాడు. లారీ ఆగింది. మేడ మెట్ల మీదుగా వైరు లాగాడు. తల్లి శౌరమ్మ దానికి తట్టుకుని పడబోయి నాలుగు చివాట్లు పెట్టింది. లారీ ఆగింది. నెట్ కనెక్షన్ ఇచ్చినతను వచ్చి చూసి, మీ నెట్టు బంగారం సార్ అని చక్కా పోయాడు. ఆఖరికి శౌరమ్మ ఫోన్లో మరియమాత గుడి పూజ చూస్తుంటే ఆపెయ్యమన్నాడు.

"నేను పూజ చూస్తే నీ లారీ ఆగుద్దా?" అందామె.

ఆపింది పాపం. లారీ కూడా ఆగింది.

కింది కంప్యూటర్ బల్ల మీద ఇప్పుడు శౌరమ్మదే రాజ్యం. మరియమాత బొమ్మ, కొవ్వొత్తులు, మందుల డబ్బా, జావ గ్లాసు. తెర వెలుతురు నాన్న కళ్ళలో పడుతుందేమో, దాన్ని ఆపేద్దామని ఒకసారి డేనియల్ అంటే ఆమె ఒప్పుకోలేదు.

"ఉండనీరా. చూస్తా పడుకుంటారు."

ఆదివారం వచ్చింది. శౌరమ్మ మొక్కు తీర్చుకోవడానికి చెప్పుల్లేకుండా మాత కొండకి బయల్దేరింది. డేనియల్ పైకెక్కి కూర్చున్నాడు. ఆరోజు దారి ఘాట్ రోడ్డు. పైగా ఆటలో వాన.

"నెట్టు పోతే బండి ఎక్కడపడితే అక్కడ ఆగుద్దన్నా," అన్నాడు కిరీటి. "నీది సరిగ్గా మలుపు ముందే ఆగుతోంది. భయమైతే చెప్పు, పర్లేదు. ఇంకోసారి ఆగితే మాత్రం తీసేస్తా."

భయమా? డేనియల్‌కి ఒళ్ళు మండింది. వేగం పెంచాడు. మొదటి మలుపు కనపడగానే లారీ ముక్కుతాడు వేసినట్టు నెమ్మదించింది. రెండో మలుపుకీ అంతే. ఈసారి అతను రెండు చేతులూ లాప్‌టాప్ మీద నుంచి తీసి గాల్లో పెట్టాడు. దిగుడులో దొర్లుతున్న లారీ మలుపు ముందు చక్కగా బ్రేకు వేసుకుని, ఒడుపుగా వేగం తగ్గించుకుంది. వెనక రెండు లారీలు ఒకదాన్నొకటి గుద్దుకుని లోయలో పడ్డాయి.

"సారీ అన్నా. ఇక నువ్వు విడిగా నడుపుకో," అన్నాడు కిరీటి.

డేనియల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. హెడ్‌ఫోన్ విసిరికొట్టి, ఆ కంప్యూటర్ వైరు పీకి అవతల పారేద్దామని ధబధబా మెట్లు దిగాడు. నాన్న పడుకున్నాడన్న ధ్యాస కూడా లేకుండా తలుపు తోశాడు.

బల్ల మీద మాత మెడలో కొత్త పూలు. ఇంకో రెండు కొవ్వొత్తులు చేరాయి. చోటు చాలక అమ్మ ఎన్నాళ్ళ కిందటో తీసి పెట్టిన కీబోర్డు మంచం మీదే ఉంది. రబ్బరు బంతి ఎప్పట్లాగే మంచం కింద పడి ఉంది. తెర మీద లారీ ఒంటరిగా, వానలో, ఇంకో మలుపు వైపు దొర్లుతోంది.

ముప్పై ఏళ్ళు కలకత్తా రూట్లో లారీ నడిపిన అంతోని, గుమ్మంలో కొడుకు నిలబడ్డాడని కూడా గమనించకుండా, ఆ మలుపు మీదే చూపు నిలిపి, కుడిచేతి చూపుడువేలితో మెల్లగా బ్రేకు నొక్కాడు.