పంచమం దగ్గర హ్యాంగు

"మళ్ళీ పోయింది!" అంటూ ఇంజినీరు మౌస్‌ని బల్లకేసి కొట్టాడు.

తెర మీద పాట తాలూకు పచ్చగీతలన్నీ కదలకుండా నిలబడిపోయాయి. కాసేపు అలాగే బిగుసుకుని, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తనంతట తానే మూసుకుపోయింది. అద్దం అవతలి గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న గాయనికి వాద్యాలు వినబడటం మానేశాయి. ఆవిడా పాట ఆపేసి ఇటు చూసింది.

"ఈసారెక్కడ?" సంగీత దర్శకుడు అడిగాడు.

"అక్కడే సార్. చివరి లైన్లో. అక్క పై పంచమానికి ఎక్కబోతుండగా."

"హ్యాంగైందా?" అన్నారు గాయని భర్త, ఒళ్ళోని వేడినీళ్ళ ఫ్లాస్కు సర్దుకుంటూ. "ఇన్నిసార్లు ఉరేసుకుని ఇన్నిసార్లు బతికిన ప్రాణిని నేనెక్కడా చూళ్ళేదు బావమరిదీ!"

గాయనిని స్టూడియోలో అందరూ అక్క అంటారు. ఆ వరసన ఆయన అందరికీ బావగారు. ఏ రికార్డింగైనా అక్క వెంట ఫ్లాస్కు, ఫ్లాస్కు వెంట ఆయన ఉండాల్సిందే. చెప్పులు గుమ్మం బయట వదిలి, ఇంజినీరు బల్ల పక్కన కుర్చీలో కాళ్ళు బారజాపుకుని కూర్చుంటారు. అక్కడ కూర్చుని అక్క పాడినంతసేపూ ఊపిరి బిగబడతారు, ఆపగానే జోకులు పేలుస్తారు.

దర్శకుడి ఫోన్ మోగింది. నిర్మాత. ఆయన గొంతుకి స్పీకర్ అక్కర్లేదు, గదంతా వినబడింది.

"సాయంత్రానికి పాట నా చేతిలో ఉండాలి. లేదంటే ఆ కొత్తమ్మాయి చేత పాడించెయ్యండి. మీ అక్కగారికి పై స్వరాలు అందట్లేదని బయట చెప్పుకుంటున్నారు, నిజమేనా?"

"గొంతుకేం ఢోకా లేదండీ. సాఫ్ట్‌వేరే క్రాషవుతోంది."

"సాఫ్ట్‌వేరా, సాకువేరా?" అని నిర్మాత ఫోన్ పెట్టేశాడు.

బావగారి ముఖంలోంచి నవ్వు లేచి వెళ్ళిపోయింది. అంతలోనే తిరిగొచ్చి యథాస్థానంలో కూర్చుంది.

ఇంజినీరు పనిలో పడ్డాడు. గొంతుకి మెరుగు పెట్టే ప్లగిన్లన్నీ తీసేశాడు. వయొలిన్ ట్రాకుల్ని కలిపి ఒకటి చేశాడు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడు. పాట రికార్డయ్యే డిస్కు బల్ల కింద ఉంటుంది. దాని వైరు కాస్త వదులైనా సాఫ్ట్‌వేర్ ఇలాగే బిగుసుకుపోతుంది. అదీ చూద్దామని బల్ల కిందకి దూరాడు. బావగారు మర్యాదగా కాళ్ళు పైకెత్తి దారిచ్చారు.

"వైరెలా ఉంది బావమరిదీ?"

ఇంజినీరు బల్ల కింద చాలాసేపు ఏదో కెలికి, మోకాళ్ళు దులుపుకుంటూ లేచాడు. "బాగానే ఉంది బావగారూ."

"అయితే జబ్బు లోపలే ఉంది. ప్లగిన్లంటారు, ప్లగ్గుంటే ఇన్నుండదు. ఇన్నుంటే ప్లగ్గుండదు!"

"ఇంకొక్కసారి అక్కా," అన్నాడు దర్శకుడు మైకులో.

అక్క మొదలుపెట్టింది. పల్లవి పాలమీగడలా వచ్చింది. చరణాలూ అంతే. చివరి లైను దగ్గర పడగానే ఆవిడ కళ్ళు మూసుకుంది, పిడికిలి బిగించింది. మెడ నరం పైకి తేలింది. స్వరం మెట్టు మెట్టూ ఎక్కుతూ దారంలా సన్నబడుతోంది. ఇంకొక్క మెట్టు.

తెర బిగుసుకుపోయింది.

"అయ్యయ్యో!" అని అందరికంటే ముందు అరిచింది బావగారే. "ఆటో సేవ్ ఉందన్నావు కదయ్యా! ఏ ఆటో ఎక్కి ఎటు పోయిందా సేవు?"

ఇంకోసారి పాడింది. ఇంకోసారి పోయింది. అక్క చేతిరుమాలుతో ముఖం తుడుచుకుంది. "ఏరా తమ్ముడూ, నా గొంతు బరువు నీ మిషను మొయ్యలేకపోతోందా?" అని నవ్వబోయింది. నవ్వు సగంలో దగ్గయింది.

దర్శకుడు కుర్చీ వెనక్కి జరిపాడు. తర్వాత లేచి అద్దం దగ్గరకి వెళ్ళాడు.

"అక్కా, ఈ దరిద్రపు సాఫ్ట్‌వేర్‌కి పంచమమంటే పడట్లేదు. దాంతో మనకెందుకు గొడవ? నువ్వు పైకి వెళ్ళొద్దు. షడ్జం దగ్గరే ఆగిపో. అక్కణ్ణుంచి వేణువు ఎత్తుకుంటుంది."

"నా పంచమం వేణువుకిచ్చేస్తావా?"

"నువ్వాగిన చోట వేణువు మొదలైతే వినేవాడి గొంతుకి అడ్డం పడుతుందక్కా."

అక్క అతని వంక అలాగే చూసింది. "మిషను కోసమేగా?"

"మిషను కోసమే."

ఈసారి ఏదీ ఆగలేదు. పచ్చగీతలు చీమలబారులా చివరిదాకా నడిచాయి. అక్క షడ్జం మీద నిలబడి, మెల్లగా దాన్ని గాలిలో వదిలేసింది. గదిలో ఎవరూ కదల్లేదు. బావగారు జోకు వెయ్యడం మరిచిపోయి కళ్ళు తుడుచుకున్నారు. అందరూ చూస్తున్నారని గమనించి, "ఫ్లాస్కు ఆవిరయ్యా," అన్నారు.

వేణువు కలిపి పాట పంపగానే నిర్మాత ఫోన్ చేశాడు. "ముగింపు పిండేసిందయ్యా! మిగతా పాటలు కూడా అక్కగారివే."

అక్కా బావగారూ కారెక్కారు. ఇంజినీరు వైర్లు చుడుతున్నాడు. దర్శకుడు తలుపు దగ్గరకి వేసి వచ్చాడు.

"బావగారు బల్ల కింద ఏం చేస్తున్నారో నేను చూడలేదనుకున్నావా?" అన్నాడు నెమ్మదిగా. "అక్క పంచమానికి ఎక్కబోయే ముందు, కాలి బొటనవేలితో డిస్కు వైరుని తన్నుతున్నారు. పాపం, ఎక్కడ ఆవిడ గొంతు చీరుకుపోతుందోనని. అది చూసే వరస మార్చాను. మనకి తెలిసినట్టు ఆయనకి తెలియనివ్వకు."

ఇంజినీరు బల్ల కిందకి వంగి ఆ వైరు లాగాడు. రెండో కొస దేనికీ తగిలించి లేదు. మొత్తం చేతిలోకి వచ్చేసింది.

"ఇందాక కింద దూరినప్పుడే డిస్కుని ఇటుపక్కకి మార్చేశాను సార్. ఆ తర్వాత ఆయన తన్నిందంతా ఈ ఉత్త వైరునే," అన్నాడు వైరు చుట్టచుట్టి జేబులో పెట్టుకుంటూ. "అక్క గొంతు కోసం అక్కణ్ణుంచి మిషను ఆపిందంతా నా హస్తవాసే."