ఎడమ రెక్క

“ముట్టుకోవద్దు” అని రాసిన అట్టముక్క విమానం పక్కనే ఉంది. అయినా పొద్దుటి నుంచి ఆరుగురు గోరుతో కొట్టి చూశారు.

టంగుమంటుందని వాళ్ల ఆశ. టప్‌మంది. కాగితం కదా.

పెయింటరు ఎవరినీ మందలించలేదు. రేకు కాదంటే నమ్మలేక కొడుతున్నారు, అంతకన్నా ఏం కావాలని లోలోపల మురిసిపోయాడు.

దుకాణాల బోర్డులు రాసే చెయ్యి అతనిది. గ్రంథాలయం మేడమీద హాల్లో అయిదు రోజుల కాగితం బొమ్మల ప్రదర్శన అని తెలియగానే, ఎనిమిది నెలల ముందే పని మొదలుపెట్టాడు. రెండు ఇంజన్ల పాత ప్రయాణికుల విమానం. కాగితం మీద నేరుగా వెండిరంగు వేస్తే చాక్లెట్ పొట్లంలా ఉంటుందే తప్ప విమానంలా ఉండదని అతనికి తెలుసు. అందుకే ముందు పల్చటి వార్నిష్ పట్టించి, లేచిన నూగును గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాడు. దాని మీద నిగనిగలాడే నలుపు. ఆ నలుపు మీద మంచు పట్టినట్టు పొర మీద పొరగా వెండిరంగు. చివర్లో పెన్సిల్ ముల్లు పొడిని మెత్తటి గుడ్డతో రుద్దాడు, ఒక్కో రేకుకీ ఒక్కో ఛాయ వచ్చేలా. అసలు విమానం మీద ఏ రెండు రేకులూ ఒకేలా మెరవవు మరి.

మొదటి బహుమతి తనదేనని భార్యతో ముందే చెప్పేశాడు.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. భుజాన గుడ్డసంచి, కాళ్లకి అరిగిన చెప్పులు. తోక మీది నంబరు చదివింది. మళ్లీ చదివింది.

“ఇది ఆ నంబరు విమానమేనా?”

అదేనన్నాడు పెయింటరు. ఎగరడం మానేసి ఓ మూల పడున్నప్పుడు తీసిన ఫొటో దొరికిందని, అందులో కుడివైపు మాత్రమే కనిపిస్తుందని, ఆ తర్వాత దాన్ని తుక్కు కింద కోసేశారని చెప్పాడు.

“ఎడమ రెక్క మొదలు దగ్గర ఇంత మెరుపు ఉండదండీ. అక్కడ గీతలుంటాయి. అన్నీ వెనక్కే పోతాయి. ముందుకి ఒక్కటీ ఉండదు.”

ఎలా తెలుసని అడిగితే, విమానాల దగ్గర పనిచేసేదాన్నంది. పెయింటరు ఆవిడ చెప్పుల వంక చూశాడు. ఊడ్చి తుడిచే పని కాబోలు అనుకున్నాడు.

“తుడిచేవాళ్ల కళ్లకి గీతలే కనిపిస్తాయమ్మా” అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

ఆవిడా నవ్వింది. పనితనం గొప్పగా ఉందని మెచ్చుకుని వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లాక కూడా ఆ గీతల గురించే ఆలోచించాడు. ఊరికే తప్పు పట్టాలనుకున్న మనిషి గీతలున్నాయంటుంది గానీ, అవి ఎటు పోతాయో చెప్పదు. ఆ మాటే భార్యతో అన్నాడు.

“నంబరు తప్పు పోకూడదని మూడుసార్లు సరిచూసుకున్నారు. రెక్క తప్పని తెలిశాక ఊరుకోగలరా?” అంది ఆమె.

మర్నాడు తలుపులు తీసే వేళకే హాల్లో ఉన్నాడు. అగ్గిపుల్లకి గరుకు కాగితం చుట్టాడు. కాస్త లోతుగా గీస్తే నలుపు బయటపడుతుంది. ఇంకాస్త లోతుకి కాగితమే.

ఊపిరి బిగబట్టి మొదటి గీత గీశాడు. ఇరవై ఏళ్లు నిచ్చెన మీద నిలబడి అక్షరాలు రాసిన చెయ్యి. గీత తిన్నగా వచ్చింది.

గంట తర్వాత వెనక్కి జరిగి చూసుకున్నాడు. నిన్నటిదాకా అది అందమైన బొమ్మ. ఇప్పుడు మనుషులు ఎక్కి దిగిన విమానం.

ఆవిడ వస్తే చూపించాలని, తప్పుగా మాట్లాడానని చెప్పుకోవాలని ఎదురుచూశాడు. రాలేదు.

మూడోరోజు న్యాయనిర్ణేతలు వచ్చారు. రెక్క మీద చెయ్యి జారినట్టుందే అన్నాడు వాళ్లలో ఒకాయన.

“జారలేదండీ. కావాలనే గీశాను. అసలుది అలాగే ఉండేది.”

ఆధారం ఏమిటన్నారు. ఒక పెద్దావిడ చెప్పిందన్నాడు. ఎవరావిడ అన్నారు. తెలియదన్నాడు.

మొదటి బహుమతి పక్క బల్ల మీది ఓడకి పోయింది. పెయింటరు వెళ్లి ఓడ చేసినాయనకి చెయ్యి కలిపి వచ్చాడు. తన రెక్క వంక చూసుకున్నాడు. సరిగ్గానే ఉంది. అంతే చాలనుకున్నాడు.

ఆఖరిరోజు సాయంత్రం కూతురి భుజం పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు. గోరుతో కొట్టలేదు. ఎడమ రెక్క మీదికి వంగి, తగలకుండా గీతల వెంట వేలు నడిపాడు.

“వీటిలో ఒకటి నా బూటుది” అన్నాడు.

ఒకసారి చక్రాలు తెరుచుకోక ఆ విమానం పొట్ట మీదే నేలకి దిగిందట. లోపలంతా పొగ. ఎడమ రెక్క పక్క తలుపు ఒక్కటే తెరుచుకుందట. నలభై మంది ఆ రెక్క మీదికి పాకి, వెనక అంచు నుంచి కిందికి జారారట. అందరూ బతికారు. విమానం మళ్లీ ఎగరలేదు.

“ఏ ఫొటోలోనూ లేవే ఇవి. నీకెవరు చెప్పారు?”

“మొదటిరోజు వచ్చిన ఒక పెద్దావిడ” అన్నాడు పెయింటరు. వచ్చినవాళ్లంతా సంతకం పెట్టే పుస్తకం గుమ్మం దగ్గర ఉంటే, తెచ్చి మొదటిరోజు పేజీ తీశాడు.

ముసలాయన వేలు ఒక్కో పేరూ దాటుతూ ఒకచోట ఆగింది. పేరు గుండ్రంగా, స్పష్టంగా ఉంది. పక్కన చిరునామా గడి ఖాళీ.

“ముప్పయ్యేళ్లుగా వెతుకుతున్నాం బాబూ” అన్నాడాయన. “ఆ పొగలో తలుపు దగ్గర నిలబడి, మమ్మల్ని ఒక్కొక్కరినే బయటికి తోసి, అందరం దిగాక ఆఖరున దూకిన ఎయిర్ హోస్టెస్ ఈవిడే.”