మోటారు పీట

డీజిలు పోయి పడవలన్నీ బ్యాటరీకి మారాక, ఉప్పాడ రేవులో మోటారు కూర్చునే పీటలకు నమూనాలు గీసిపెట్టే పని కృపానందం మాస్టారి మీద పడింది. ఆయనకు ఓపిక తగ్గిపోయింది. సింహాద్రి పడవకు గీసిన పీటనైతే ఇప్పటికే రెండుసార్లు మార్చారు.

"మోటారు కూతంతా చెక్కలోకి దిగిపోతంది మేస్టారూ. చేప దగ్గరికే రాటం లేదు. ఈసారీ వల ఖాళీ అయితే పడవ అమ్మేత్తాను," అన్నాడు సింహాద్రి.

ఇంటికొచ్చి టీ పెట్టుకుంటుంటే మూలనున్న గ్రైండరు కంటబడింది. పక్కవాటావాళ్లకు నిద్రాభంగమని భార్య సుగుణ దాని కింద కొబ్బరిపీచు పట్టా మడిచి పెట్టేది. ఆమె పోయినా పట్టా అలాగే ఉంది.

మర్నాడు పీట కిందా, బోల్టుల కిందా అలాంటి పట్టాలే వేసి బిగించారు. మాస్టారినీ ఎక్కించుకుని సముద్రంలోకి వెళ్లాక, మోటారు తిరుగుతుండగానే సింహాద్రి చేపల సడి కోసం తెడ్డు నీళ్లలోకి దించి, పిడికి చెవి ఆనించాడు. అతని ముఖం విప్పారింది.

"గుంపుంది మేస్టారూ! ఇనండి, అచ్చం మా ఆడదాని గురకే!"

మాస్టారు తెడ్డు అందుకుని చెవి ఆనించి కళ్లు మూసుకున్నారు. నీటి అడుగున చేపలు గురగురమంటున్నాయి.

"తెడ్డిత్తారా? వల ఎయ్యాల."

"ఒక్క నిమిషం ఉండవయ్యా," అన్నారు మాస్టారు.